ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికలో మాక్రాన్ గెలిచాడు, తీవ్ర కుడిపక్ష లె పెన్ ఓడింది: ఓటేసినవాళ్లు, వెయ్యనివాళ్లు, దూరం నుంచి చూస్తున్నవాళ్లు ఇక్కడ మాట్లాడండి

గోదారమ్మాయి (సాన్ దెనీ, పారిస్ పక్కన)
24 ఏప్రిల్ 2022, రాత్రి 11:52

ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి కానీ నిద్ర పట్టేలా లేదు. అందుకే ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

పౌరసత్వం వచ్చాక నాకిదే మొదటి అధ్యక్ష ఎన్నిక. పొద్దున ఓటు వేస్తుంటే బూత్ పెద్దాయన "సాయంత్రం లెక్కింపుకి మనుషులు తక్కువున్నారు, ఉంటారా?" అని అడిగాడు. ఇక్కడ ఓట్లు లెక్కపెట్టేది ఓటర్లే. పోలింగ్ జరిగిన గదిలోనే, అదే రాత్రి. ఎవరైనా వచ్చి పక్కన నిలబడి చూడొచ్చు. ఈవీఎంలు, స్ట్రాంగ్ రూములు అలవాటైన మనకి వింతగానే ఉంటుంది. సరే ఉంటానన్నాను.

ఎనిమిదింటికి తలుపులు మూశారు. పెట్టె ఇంకా తెరవనే లేదు, ఎవరిదో ఫోన్లో అంచనాలు వచ్చేశాయి. మాక్రాన్‌కి 58 చిల్లర. హమ్మయ్య అని కూడా ఎవరూ పైకి అనలేదు. ఒకాయన "సరే, మొదలెడదామా" అన్నాడు, అంతే. కవర్లన్నీ వందేసి కట్టలు కట్టారు. బల్లకి నలుగురం. ఒకరు కవరు విప్పుతారు, ఒకరు పేరు పైకి చదువుతారు, ఇద్దరు గీతలు పెడతారు. చదివే పని నాకొచ్చింది. నా యాస వాళ్లకి అలవాటయ్యేసరికి మొదటి కట్ట సగమైంది.

మాక్రాన్, మాక్రాన్, లె పెన్, మాక్రాన్, ఖాళీ, మాక్రాన్, ఖాళీ... ఒక కవర్లో నిలువునా చింపిన మాక్రాన్ చీటీ. ఒకదాంట్లో మొదటి రౌండ్ నాటి వామపక్ష అభ్యర్థి మెలాంషాన్ చీటీ, జాగ్రత్తగా దాచుకుని తెచ్చి మరీ వేశారు. ఇంకోదాంట్లో మాక్రాన్ చీటీ మీద పెన్నుతో "65 ఏళ్లదాకా పని నువ్వు చెయ్యి" అని. చీటీ మీద ఏం రాసినా ఆ ఓటు చెల్లదు. పక్కన పెట్టేశాం.

రిటైర్మెంటు వయసు పెంచుతానన్న మాక్రాన్ మీద ఆ రాసినాయన కోపం నాకు అర్థమైంది. 10వ తేదీన మొదటి రౌండ్లో నేను వేసింది మెలాంషాన్‌కి. ఇవాళ మాక్రాన్‌కి వేశాను, ఆమె రాకూడదని. సంతోషంగా ఉందా అని మా ఆయన అడిగితే టెన్షన్ తగ్గిందన్నాను. అంతకుమించి ఏమీ లేదు.

మీ సంగతులేంటి?

తులూజ్ శీను
25 ఏప్రిల్ 2022, రాత్రి 12:20

అక్కా, నీకు టెన్షన్ తగ్గిందంటున్నావు, నేనైతే రెండు వారాల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

నాకు ఓటు లేదు, ఇంకా "పాస్‌పోర్ట్ టాలాన్" కార్డు (నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీదే ఉన్నా. లె పెన్ ఎన్నికల కార్యక్రమం మొత్తం కూర్చుని చదివాను. ఉద్యోగమైనా, ప్రభుత్వ ఇళ్లయినా ముందు ఫ్రెంచివాళ్లకి. పిల్లల భత్యాలు ఫ్రెంచివాళ్లకే. కనీస ఆదాయ సాయం కావాలంటే ఇక్కడ ఐదేళ్లు పనిచేసి ఉండాలి. ఈ గడ్డ మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. మా పాపకి మూడేళ్లు, ఇక్కడే పుట్టింది.

ఆఫీసులో అందరూ "రాజ్యాంగ మండలి ఒప్పుకోదు, ఊరికే భయపడకు" అన్నారు. ఆమె చెప్పిందే అది కదా, నేరుగా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి రాజ్యాంగాన్నే మారుస్తానని! "భయపడకు" అని చెప్పినవాళ్లలో ఎవరికీ ప్రిఫెక్చర్‌లో (జిల్లా ప్రభుత్వ ఆఫీసులో) కార్డు రెన్యువల్ కోసం లైన్లో నిలబడే పని లేదు. అందుకే అంత ధైర్యం.

ఎవరు ఏ మనసుతో వేశారో నాకనవసరం. వేశారు. థాంక్స్.

పెన్నాతీరం (లియోన్, సొంతూరు కడప)
25 ఏప్రిల్ 2022, రాత్రి 12:47

శీను చెప్పింది నా ఇంట్లో ఇంకో రకంగా జరిగింది. మా ఆవిడ తలకు స్కార్ఫ్ కట్టుకుంటుంది. బజారులో, బస్సులో, ఎక్కడా కట్టుకోకూడదు, కట్టుకుంటే జరిమానా అని లె పెన్ ప్రకటించింది. సీటు బెల్టు పెట్టుకోకపోతే వేసినట్టే వేస్తారట. చివర్లో కొంచెం మెత్తబడి, అది పార్లమెంటు చూసుకుంటుందన్నట్టు మాట్లాడారు. ఈలోగా మా ఆవిడ "ఆదివారం సంతకి నువ్వే పో" అనేసింది. చట్టమేమీ రాలేదు, మాట వచ్చింది, అంతే.

మా ఇద్దరికీ ఓట్లున్నాయి, ఇద్దరం మాక్రాన్‌కే వేశాం. ఆయన ప్రభుత్వం మా మసీదులతో ఎలా వ్యవహరించిందో మర్చిపోయి కాదు. 20వ తేదీ డిబేట్‌లో స్కార్ఫ్ నిషేధిస్తే అంతర్యుద్ధం తెస్తున్నట్టేనని ఆమె మొహం మీదే చెప్పాడు. ఆ ఒక్క నిమిషానికి వేశామనుకోండి.

మొహమాటం లేదు (డాలస్)
25 ఏప్రిల్ 2022, ఉదయం 5:10

ముగ్గురూ వలస వెళ్లినవాళ్లే, మీ భయం అర్థం చేసుకోగలను. కానీ 41 శాతం మంది ఓటేసిన మనిషిని రాక్షసి అన్నట్టు మాట్లాడుతుంటే ఆ 41 శాతం ఎవరు? అందరూ జాత్యహంకారులేనా? మీలో ఎవరైనా వాళ్లలో ఒక్కరితో కూర్చుని మాట్లాడారా?

పైగా మాక్రాన్ అంటే ఏంటి, బ్యాంకు ఉద్యోగం చేసొచ్చిన అధికారి. సంపద పన్ను తీసేసినవాడు. డీజిల్ మీద పన్ను వేస్తే 2018లో పసుపు చొక్కాలు వేసుకుని జనం రోడ్డెక్కారు. మధ్యేవాది అన్న పేరు పెట్టుకుంటే చాలు, అన్నీ మాఫీనా?

ఉత్తరగాలి (లాన్స్ దగ్గర)
25 ఏప్రిల్ 2022, ఉదయం 9:35

కూర్చుని మాట్లాడటం కాదండీ, వాళ్లింట్లోనే ఉంటున్నాను. మా అత్తగారు లె పెన్‌కే వేసింది.

ఇది బొగ్గు గనుల ఊరు. మామగారు గనిలో పనిచేశారు. ఈ ప్రాంతంలో చివరి గని 1990లో మూతపడింది. ఆ తర్వాత వచ్చినవి గోడౌన్లు, సూపర్‌మార్కెట్లు, నేను చేసేలాంటి వృద్ధాశ్రమం ఉద్యోగాలు. అత్తగారు వయసులో ఉన్నంతకాలం ఎర్రజెండాకే ఓటు. ఇప్పుడు ఆవిడ వంటింట్లో లె పెన్ క్యాలెండర్ లేదు కానీ ఓటు మాత్రం అటే. ఎందుకని అడిగితే వలసల మాట రెండో మూడో వాక్యంలో వస్తుంది. మొదటి వాక్యం ఎప్పుడూ పెట్రోలు, గ్యాస్ బిల్లు. మొన్న ప్రభుత్వం లీటరుకి 18 సాంతీంలు (యూరో పైసలు) తగ్గించింది, "ఎన్నికలయ్యాక చూద్దాం ఉంటుందో లేదో" అంది.

మరి నువ్వో అంటారు. "మా కోడలు వేరు" అంటుంది. పక్కింటి అల్జీరియా వాళ్లబ్బాయి కూడా "వేరే", ఆవిడ చెత్తడబ్బా బయట పెట్టేది అతనే. ఆవిడకి తెలిసినవాళ్లందరూ వేరే. తెలియనివాళ్లతోనే సమస్య. దీన్ని నేను సమర్థించను. ఆవిడ ముందే చాలాసార్లు గొడవపడ్డాను కూడా. కానీ కోవిడ్‌లో నాకు డబుల్ డ్యూటీ పడినప్పుడు మా పిల్లల్ని పెంచింది ఆవిడే.

నా ఓటు? ఖాళీ కవరు. రాళ్లేసేవాళ్లు వెయ్యండి.

గోదారమ్మాయి
25 ఏప్రిల్ 2022, మధ్యాహ్నం 12:15

రాయి కాదు కానీ ఒక ప్రశ్న. నిన్న నేను "ఖాళీ" అని చదివిన ప్రతిసారీ కడుపులో తిప్పినట్టైంది. ఆ ఖాళీలు ఇంకో నాలుగు రెట్లుంటే ఇవాళ శీను ఏం చేస్తుండేవాడు? నీకు ఆవిడ "మా కోడలు" అనే అత్తగారుంది. శీను పాపకి ఎవరున్నారు?

మెలాంషాన్ నచ్చినవాళ్లం, మాక్రాన్ ముఖం చూడటం ఇష్టం లేనివాళ్లం, ముక్కు మూసుకుని వేశాం. 2017లోనూ వేశారు. మేమేనా ప్రతిసారీ అడ్డుకట్ట కట్టేది? మా నాయకుడు కూడా "ఆమెకి ఒక్క ఓటు కూడా పడకూడదు" అని నాలుగుసార్లు చెప్పాడు కానీ మాక్రాన్‌కి వెయ్యమని చెప్పలేదు. దాన్ని పట్టుకుని ఖాళీ వేసినవాళ్లు మా బిల్డింగ్‌లోనే ఉన్నారు.

ఉత్తరగాలి
25 ఏప్రిల్ 2022, మధ్యాహ్నం 1:02

గోదారమ్మాయి గారూ, అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను.

మా ఆయన గోడౌన్‌లో బరువులెత్తుతాడు. 46 ఏళ్లకే నడుం పోయింది. రిటైర్మెంటు 62 నుంచి 65కి పెంచుతానన్నవాడి చీటీ కవర్లో పెట్టి, ఇంటికొచ్చి ఆయన నడుముకి మందు రాయాలా? ఓట్లు కావాల్సొచ్చాక 64 అయినా ఆలోచిస్తానన్నాడు. బేరం ఆడినట్టు. 2020లో రోజూ రాత్రి ఎనిమిదింటికి కిటికీల్లోంచి మాకు చప్పట్లు కొట్టారు. తర్వాత నెలకి 183 యూరోలు పెంచారు, అది కాదనను. కానీ మా ఫ్లోర్లో రాత్రిళ్లు ఇప్పటికీ ఇద్దరమే. ముప్పైమంది పెద్దవాళ్లకి.

ఆమెకి వెయ్యలేను, ఆ పార్టీ పుట్టుక నాకు తెలుసు. ఇతనికి వెయ్యడానికి చెయ్యి రాలేదు. మా పా-ద-కలే జిల్లాలో ఆమెకి 57 శాతం దాటాయి, నా ఒక్క కవరు వల్ల మారేది కాదని కూడా అనుకున్నాను. ఇది మంచి వాదన కాదని తెలుసు.

తులూజ్ శీను
25 ఏప్రిల్ 2022, మధ్యాహ్నం 1:20

మంచి వాదన కాదని తెలిసీ వేశారంటే మా బతుకులతో

అడ్మిన్
25 ఏప్రిల్ 2022, మధ్యాహ్నం 1:41

శీను, మిగతా రెండు వాక్యాలు తీసేశాను. ఓటు గురించి తిట్టుకోండి, మనిషిని కాదు. ఉత్తరగాలి గారు తన ఇంటి సంగతి ఇంత వివరంగా చెప్పడమే ఎక్కువ.

బేగంపేట బాతాఖానీ (హైదరాబాద్)
25 ఏప్రిల్ 2022, సాయంత్రం 4:30

తుది లెక్కలు వచ్చాయి, వాదనకి పనికొస్తాయని పెడుతున్నా. మాక్రాన్ 58.55, లె పెన్ 41.45. అంటే ఆయనకి 1 కోటీ 87 లక్షలు, ఆమెకి 1 కోటీ 32 లక్షలు. అసలు బూత్‌కే రానివాళ్లు 1 కోటీ 36 లక్షలు, 28 శాతం. ఆమెకి పడిన ఓట్లకంటే ఇంట్లో కూర్చున్నవాళ్లే ఎక్కువ! ఖాళీ, చెల్లని ఓట్లు కలిపి ఇంకో 30 లక్షలు. మన నోటా లాంటిదే. 2014 నుంచి ఖాళీలని విడిగా లెక్కపెట్టి చూపిస్తారు, శాతాల్లో మాత్రం కలపరు. ఓటర్ల జాబితా మొత్తం మీద చూస్తే మాక్రాన్‌కి వచ్చింది 38.5 శాతమే.

ఇంకో వరుస చూడండి. 2002లో తండ్రి లె పెన్ రెండో రౌండుకి వస్తే దేశమంతా ఊరేగింపులు. కుడిపక్షం షిరాక్‌కి వామపక్షాలు కూడా ఓటేసి 82 శాతంతో గెలిపించాయి, తండ్రి లె పెన్‌కి 17.79. 2017లో కూతురికి 33.9. ఇప్పుడు 41.45. మూడుసార్లూ ఓటమే. మూడో ఓటమి తర్వాత ఆమె నవ్వుతూ ఇదే గొప్ప విజయం అంది, నాకది డాబుగా అనిపించలేదు.

2017లో లూవ్ర్ దగ్గర గెలుపు సభలో మాక్రాన్ చెప్పింది గుర్తుందా? ఆమెకి ఓటేసినవాళ్లకి ఇకముందు అతివాదులకి వెయ్యాల్సిన కారణమే లేకుండా చేస్తానన్నాడు. నిన్న షాన్ ద మార్స్‌లో, ఈఫిల్ టవర్ కింద, పిల్లల చేతులు పట్టుకుని నడిచొచ్చి మళ్లీ అదే ధోరణి: చాలామంది నా ఆలోచనలు నచ్చి కాదు, అటువైపు రాకూడదని వేశారు, అది నామీద బాధ్యత పెట్టింది అని. ఒప్పుకోవడం బాగానే ఉంది. అప్పు తీసుకున్నానని ఒప్పుకున్నంత మాత్రాన తీర్చినట్టు కాదు కదా.

మొహమాటం లేదు
25 ఏప్రిల్ 2022, రాత్రి 7:15

లెక్కలు పెట్టావు కాబట్టి ఇదీ పెట్టు. మొదటి రౌండ్లో లె పెన్‌కీ మెలాంషాన్‌కీ తేడా 4 లక్షల 21 వేల ఓట్లు. కమ్యూనిస్టు అభ్యర్థి రూసెల్‌కి 8 లక్షలు పడ్డాయి. ఆయన తప్పుకుని ఉంటే లె పెన్ ఫైనల్‌కే వచ్చేది కాదు. వామపక్షాలు తమలో తాము కొట్టుకుని, ఇప్పుడు అడ్డుకట్ట కట్టామని కన్నీళ్లు.

గోదారమ్మాయి
25 ఏప్రిల్ 2022, రాత్రి 7:48

డాలస్ నుంచి ఇంత కరెక్టుగా కొట్టారేంటండీ. మా ఇంట్లో 10వ తేదీ రాత్రి ఇదే గొడవ. మా జిల్లాలో మెలాంషాన్‌కి దాదాపు సగం ఓట్లు పడ్డాయి, పిల్లలు జెండాలు పట్టుకుని తిరిగారు. రాత్రి పదకొండున్నరకి కూడా "ఇంకా పెద్ద నగరాల కౌంటింగ్ ఉంది" అని ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. రూసెల్ మాంసం, వైన్, అణు విద్యుత్తు అంటూ తిరిగాడు, ఆయన ఓటర్లు అందరూ మావైపు వచ్చేవాళ్లని గ్యారంటీ లేదు. అయినా సగం వస్తే చాలదా అని మనసు పీకుతుంది. సగం అంటే 4 లక్షలు. అప్పుడు కూడా చాలవు, చూశారా!

పాత పార్టీల గతి మాత్రం చూడాల్సిందే. సోషలిస్టు ఇదాల్గో, పారిస్ మేయరు, 1.75 శాతం. కుడిపక్షం పెక్రెస్‌కి 4.78. ఐదు శాతం దాటితే ప్రచారం ఖర్చు పరిమితిలో దాదాపు సగం దాకా ప్రభుత్వం తిరిగిస్తుంది, దాటలేదు. మన భాషలో డిపాజిట్ గల్లంతు. సొంత పేరు మీద 50 లక్షల యూరోలు అప్పు చేశాను, చందాలివ్వండని మర్నాడు టీవీలో అడిగింది. పాపం అనిపించింది కానీ చందా మాత్రం ఇవ్వలేదు.

కోరంగివాడు (యానాం)
25 ఏప్రిల్ 2022, రాత్రి 10:05

మా ఇంట్లోనూ ఫ్రాన్స్ ఓటు ఉందండోయ్. మా పెదమావయ్య పుదుచ్చేరిలో ఉంటాడు, ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను తీసుకుంటున్నాడు. 1962లో పుదుచ్చేరి, యానాంలని భారత్‌కి అప్పగించే ఒప్పందం ఖాయమయ్యాక ఆర్నెల్ల గడువిచ్చి ఏ పౌరసత్వం కావాలో తేల్చుకోమన్నారు, వాళ్ల నాన్న ఫ్రాన్స్ వైపు సంతకం పెట్టాడు. ఇక్కడ నాలుగు వేలమందికి పైగా ఫ్రెంచి ఓటర్లున్నారు, పుదుచ్చేరిలో, కారైకాల్‌లో బూత్‌లు పెడతారు. మావయ్య నిన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఛాతీకి పతకం తగిలించుకుని వెళ్లి మాక్రాన్‌కి వేసొచ్చాడు. ఎందుకు మావయ్యా అంటే "ఆమె రష్యా బ్యాంకులో అప్పు తీసుకుంది, సైనికుడు అలాంటివాళ్లకి వెయ్యడు" అన్నాడు. పింఛను సంగతి కూడా ఉందనుకోండి, అది పైకి చెప్పడు.

నాకు అంతుపట్టనిది వేరే. హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్‌కి చెందిన రీయూనియన్ దీవిలో లె పెన్‌కి 59 శాతం దాటింది! ఆ దీవికి 1820ల చివర్లో మా యానాం రేవు నుంచి తెలుగు కూలీలని ఓడలెక్కించారు. అక్కడ "తెలంగా" అనేవాళ్లు. తర్వాత తమిళులూ వెళ్లారు. వాళ్ల మునిమనవలు, ఆఫ్రికా బానిసల మునిమనవలు కలిసి ఉండే చోట ఆ పార్టీ గెలవడమేంటి? 2017లో అక్కడ మాక్రాన్‌కే మెజారిటీ వచ్చింది.

పెన్నాతీరం
25 ఏప్రిల్ 2022, రాత్రి 10:40

కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి గ్వాడలూప్‌లో ఇంకా ఘోరం, 69 శాతం. మొదటి రౌండ్లో అక్కడ సగానికి పైగా మెలాంషాన్‌కి వేశారు. అవే చేతులు పదిహేను రోజుల్లో లె పెన్‌కి వేశాయి. సిద్ధాంతం అనే మాటకి అర్థం ఉందా అనిపించింది.

గోదారమ్మాయి
25 ఏప్రిల్ 2022, రాత్రి 11:10

నాతో పనిచేసే నర్సు గ్వాడలూప్ ఆమె. ఇవాళ లంచ్‌లో ఇదే అడిగాను. అక్కడ ఇళ్లకి నీళ్లు వంతులవారీగా వస్తాయట, పైపులు పాతవై కారిపోతుంటాయి. గత నవంబరులో వ్యాక్సిన్ తప్పనిసరి చేసి, వేయించుకోని ఆస్పత్రి సిబ్బందిని జీతం లేకుండా ఇంటికి పంపారు, వీధుల్లో మంటలు లేచాయి, పారిస్ నుంచి ప్రత్యేక పోలీసుల్ని దింపారు. వాళ్ల పిన్ని ఉద్యోగం అలాగే పోయింది. ఆ పిన్ని లె పెన్‌కి వేసింది. "ఆమె మా నల్లవాళ్లని ఏమనుకుంటుందో తెలుసు, ఐదేళ్లు మమ్మల్ని చూసినవాడు ఏమనుకుంటున్నాడో కూడా తెలిసింది" అందట.

నా దగ్గర జవాబు లేక పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఆ నర్సు మాత్రం ఇక్కడ మాక్రాన్‌కే వేసింది, పిన్నికి చెప్పలేదు.

మొహమాటం లేదు
26 ఏప్రిల్ 2022, ఉదయం 4:55

అదే నేను మొదటి నుంచీ అంటున్నది. ఆ పిన్ని జాత్యహంకారి కాదు.

తులూజ్ శీను
26 ఏప్రిల్ 2022, ఉదయం 8:30

కాదు బ్రో. కానీ ఆ పిన్ని ఓటు, లె పెన్ కోట ఎనాన్-బోమాన్‌లో నన్ను చూసి ఉమ్మేసేవాడి ఓటు, కవర్లోంచి బయటికొచ్చాక ఒకే గీత. గోదారమ్మాయి అక్క బల్ల మీద కారణాల కోసం కాలమ్ లేదు.

ఉత్తరగాలి గారూ, నిన్న అన్నమాటకి సారీ. మీ ఆయన నడుముకి ఫిజియో దొరికారా? మా ఊళ్లో అపాయింట్‌మెంటుకి రెండు నెలలు.

ఉత్తరగాలి
26 ఏప్రిల్ 2022, సాయంత్రం 6:10

పరవాలేదు తమ్ముడూ. ఇక్కడైతే ఉన్న ఒక్క డాక్టరూ రిటైరయ్యాడు. ఆయనకి 65 నిండాయిలే.

గోదారమ్మాయి
16 మే 2022, రాత్రి 9:20

థ్రెడ్ పైకి లేపుతున్నా, ఒక సాయం కావాలి. పార్లమెంటు ఎన్నికలు జూన్ 12, 19. నేను జూన్ 5 నుంచి రాజమండ్రిలో ఉంటాను, తమ్ముడి పెళ్లి. ఈసారి వామపక్షాలన్నీ ఒక్కటై పోటీ చేస్తుంటే నేను లేకపోవడమేంటో! మా ఆయనకి ఫ్రెంచి పౌరసత్వం లేదు, నా ఓటు ఇంకెవరైనా వెయ్యొచ్చా?

పెన్నాతీరం
16 మే 2022, రాత్రి 9:55

ప్రొక్యురేషన్ (మీ బదులు ఓటు వేసే అధికారం) ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో నింపి, పోలీస్ స్టేషన్‌కో జాందార్మ్‌రీకో (సైనిక పోలీసుల ఠాణాకో) వెళ్లి గుర్తింపు కార్డు చూపిస్తే అయిపోతుంది. ఈ జనవరి నుంచి రూలు మారింది, వేరే ఊరి ఓటరుకి కూడా ఇవ్వొచ్చు. కాకపోతే ఆ మనిషి మీ సాన్ దెనీ బూత్‌కే వచ్చి వెయ్యాలి. నేనైతే ముందే చెప్తున్నా, లియోన్ నుంచి రాలేను.

ఉత్తరగాలి
17 మే 2022, ఉదయం 7:15

నాకివ్వండి. ఆ రెండు ఆదివారాలూ నాకు సెలవే. పొద్దున్నే ఇక్కడ నా ఓటు వేసుకుని లాన్స్‌లో రైలెక్కితే గంటంబావులో పారిస్ గార్ దు నోర్ స్టేషన్. ఎలాగూ అక్కడి మన సరుకుల బజారు లా షపెల్‌లో చింతపండు, కరివేపాకు కొనుక్కోవాలి.

గోదారమ్మాయి
17 మే 2022, ఉదయం 7:32

నా ఓటు ఖాళీ కవరు వేసేవాళ్ల చేతిలో పెట్టమంటారా?

ఉత్తరగాలి
17 మే 2022, ఉదయం 7:40

కవర్లో ఏం పెట్టానో చూడటానికి నీకు ఏ చట్టమూ అవకాశం ఇవ్వదు. నమ్మితే ఇవ్వు.

గోదారమ్మాయి
17 మే 2022, ఉదయం 7:41

ఇచ్చాను. పుట్టినతేదీ మెసేజ్ పెట్టండి.

బేగంపేట బాతాఖానీ
20 జూన్ 2022, ఉదయం 10:30

రాత్రి ఫలితాలు చూశారా? 577 సీట్లలో మెజారిటీకి 289 కావాలి, మాక్రాన్ కూటమికి 245. లె పెన్ పార్టీకి 89! పోయినసారి 8. ఏప్రిల్లో కట్టిన అడ్డుకట్ట రెండు నెలలు కూడా నిలబడలేదు. ఈసారి చాలాచోట్ల మాక్రాన్ వాళ్లూ వామపక్షాలవాళ్లూ ఒకరికొకరు వేసుకోనే లేదు.

ఉత్తరగాలి
20 జూన్ 2022, మధ్యాహ్నం 2:20

గోదారమ్మాయీ, రెండుసార్లూ నువ్వు చెప్పినట్టే వేశాను. మీ బూత్ పెద్దాయన నీ పేరు నాకంటే బాగా పలికాడు.

ఇక్కడ పక్క నియోజకవర్గంలో లె పెన్ 61 శాతంతో గెలిచింది. అత్తగారు పొద్దున్నుంచీ మంచి హుషారులో ఉంది. కాఫీ ఇస్తూ "89 మంది వచ్చారుగా, ఇక మీ ఆయనకి 62కే రిటైర్మెంటు ఖాయమేనా" అని అడిగింది. బాతాఖానీ గారూ, ఏం చెప్పమంటారు?

బేగంపేట బాతాఖానీ
20 జూన్ 2022, మధ్యాహ్నం 3:05

ఇంకా ఏమీ తేలలేదని చెప్పండి. మాక్రాన్‌కి సొంతంగా బలం లేదు కానీ పాత కుడిపక్షం చేతిలో అరవై పైచిలుకు సీట్లున్నాయి, రిటైర్మెంటు వయసు పెంచాలనేది వాళ్ల పాత పాటే. వాళ్లు కలిస్తే బిల్లు నెగ్గొచ్చు. కలవకపోతే రాజ్యాంగంలో 49వ ఆర్టికల్, మూడో పేరా ఉంది. ఓటింగ్ లేకుండానే బిల్లు పాసైనట్టు ప్రధాని ప్రకటించొచ్చు, 24 గంటల్లో కనీసం పదోవంతు సభ్యులు అవిశ్వాసం పెట్టి దాన్ని 289 ఓట్లతో నెగ్గించుకుంటే తప్ప ఆగదు. అందుకు మీ అత్తగారి 89 మంది, గోదారమ్మాయి గారి వామపక్షాలు ఒకే వైపు చెయ్యెత్తాలి. అలా ఎత్తినా 289 రావు.